ఆడోళ్ళ పక్క పెట్టె

"అది కాదు జోసెఫన్నా, అంగట్లో రెండు దినాలు పాడించినా దీన్ని. రెండు చానళ్ళూ సుబ్బరంగా పలికినాయి."

"అంగట్లో పలికితే నాకేం? ఈడ గదా పలకాల్సింది."

తొంభై ఎనిమిదో సంవత్సరం, ధర్మవరం పక్క పల్లెలో చర్చి, శనివారం సాయంత్రం. చాపల మీద ఎడమన ఆడవాళ్ళు, కుడిన మగవాళ్ళు కూర్చుంటారు; పక్కకొక స్పీకరు పెట్టె. ఆంప్లిఫైరు మూడు నెలల్లో మూడోసారి రిపేరుకొచ్చింది. సంఘ పెద్ద జోసెఫ్‌కు ఓపిక నశించి, ఈసారి మెకానిక్ కుళ్ళాయప్పనే సైకిలెక్కించుకుని ఎదురుగాలిలో తొక్కుకొచ్చాడు.

"మగోళ్ళ పక్క పెట్టెకు ఏం రాదు. పోతే ఆడోళ్ళ పక్కదే పోతాది. ప్రతిసారీ అదే."

"ఆ చానల్ ట్రాన్సిస్టర్లు కాల్తాండాయన్నా. నేను కొత్తవి వేస్తా, నువ్వు ఈడికి తెచ్చి తగిలిస్తావు, మళ్ళా కాల్తాయి."

"అంటే తప్పు నాదా?"

"నీదని నేను యాడంటి? వైరు చూడాల అంటాండా."

"వైరుకేం? కొత్త వైరు. గోడెంబడి, చాపల అంచు కింద మేకులేసి నేనే కొట్టినా. వైరు మాటెత్తొద్దు."

"పోయినసారీ ఇదే మాటంటివి."

"ఇప్పుడూ అదే అంటాండా. రేపు అనంతపురం నుంచి కొత్త పాస్టరు అయ్యగారు వస్తాండారు. మొదటి పాట నేను ఎత్తుకోవాల. సగం చర్చికి వినపడకపోతే మొగం యాడ పెట్టుకోవాల?"

"అందుకే మీటరు పెట్టి చూస్తానంటాండా. చూడకుండా తగిలిస్తే మళ్ళా గుప్పుమంటాది."

"చూడు. చూస్కో. ఇంట్లో రూతమ్మ మాట్లాడదు, ఈడ ఇది మాట్లాడదు. ఎవురితో ఏగాల నేను?"

"వదినకేమైంది?"

"ఏమో. మైకు కొన్న కాడ్నుంచి అట్లే ఉండాది. అడిగితే ఏం లేదంటాది. పెండ్లాం సంగతి నీకెందుకులే, నీ పని చూడు."

"విన్నావా?"

"ఏంది?"

"మీటరు కూస్తాంది. ఆ కొసన పెట్టె ఊడదీసినా కూస్తాంది. రెండు తీగలూ యాడనో కలిసినాయి."

"కలవవు. నేనే కొట్టినా అని చెప్తి గదా."

"నువ్వు కొట్టిన వైరేన్నా కూసేది. ఆ చాప ఎత్తు."

"ఎలుక కొరికిందేమో."

"ఇంకోటి ఎత్తు. ముందర వరసది."

"కనపడిందా ఏమన్నా?"

"పిన్నీసు."

"పడిపోయుంటాది. ఆడోళ్ళు కూర్చునే చోటు."

"పడలేదు, గుచ్చినారు. రెండు తీగల్లోకీ దూర్చి, మూసి మరీ పెట్టినారు."

"ఎవురు? రేపు అయ్యగారి ముందరే నిలబెట్టి అడుగుతా. ఆడమనిషైనా సరే. ధర్మవరానికి ఎన్నితూర్లు తొక్కినానప్పా ఈ మిషన్‌ను కట్టుకొని."

"నిదానం. దీనికి పచ్చపూస ఉండాది చూడు."

"ఇట్లియ్యి."

"ఎవురిదో తెలిసిందా?"

"హిందూపురంలో కొనిచ్చినా. పెండ్లైన ఏడాది. తాళిగొలుసుకు తగిలించుకుంటాది."

"వదినదా."

"ఆమెకు ఈ సంగతులేం తెలుసు కుళ్ళాయప్పా? ఇట్ల గుచ్చితే పోతాదని ఎవురు చెప్పింటారు?"

"నేనే చెప్పినా."

"నువ్వా?"

"బిగించిన దినం కసువు ఊడుస్తాండె. ఈ రెండు తీగలూ కలవగూడదు వదినా, జాగర్త అంటి. కలిస్తే ఏమైతాదనె. ఈ పక్క పెట్టె పలకదంటి. అంతేనా అనె. అంతే అంటి."

"పిచ్చి పట్టిందా ఆమెకు?"

"మైకు రాకముందర పాట ఎవురు ఎత్తుకుంటాండ్రి?"

"ఇప్పుడదెందుకు?"

"చెప్పన్నా."

"ఆమే. పదహైదేండ్లు."

"మైకు కొన్నంక?"

"సంఘ పెద్దని గదా. మైకు ముందర నేనుండాల గదా. ఆమెను పాడొద్దని నేనేమన్నా అంటినా?"

"నెత్తిమీద పెట్టెలో నీ గొంతు అరుస్తాంటే ఆమె యాడ పాడేది?"

"నువ్వు గూడా మొదలుపెట్టినావా?"

"పెట్టె పోయిన ఆదివారాలు ఆడోళ్ళ పక్క పాట ఎట్లుండె?"

"ఉండె."

"ఎట్లుండె అంటి."

"బాగుండె. మైకు పట్టుకోని గూడా నేను అదే వింటాంటి."

"సరేలే, పిన్నీసు దొరికింది గదా. తగిలిస్తా. రేపు రెండు పక్కలా పలుకుతాది, పూచీ నాది. అన్నా, మళ్ళా ఆ చాప కింద ఏం చేస్తాండావు?"

"యాడుండెనో ఆడ పెడ్తాండా. నేను చూసినట్టు ఆమెకు తెలీకూడదు."

"మళ్ళా కాల్తాది గదన్నా."

"కాలదు. మిషన్ నువ్వు అంగడికి ఎత్తుకపో. బాగు కాలేదని చెప్తా."

"నా పేరు పోతాదన్నా."

"ఒక్క ఆదివారం పోనీలే. రేపు మొదటి పాట రూతమ్మ ఎత్తుకోవాల."