చిటికెన వేలు

స్కాలర్‌షిప్ వేలిముద్రకు ఆ రోజే ఆఖరు. గోదావరిఖని చౌరస్తాలోని ఆన్‌లైన్ సెంటర్లో, ఆపరేటర్ ముందు నిలబడ్డ డిగ్రీ అమ్మాయి మిషన్ మీద వేళ్లు మార్చి మార్చి పెడుతోంది.

“ముద్ర పడ్తలేదు చెల్లె. ఏం పని చేస్తవ్?”

“పొద్దుగాల మెస్సుల బోళ్లు తోముత అన్నా. బొగ్గు పొయ్యి మసి సబ్బుతోని పోదు, ఇనుప పీచుతోని రుద్దాలె.”

“గందుకే వేళ్ల గీతలు అరిగినయి. ఇంకో వేలు పెట్టు.”

“ఎనిమిది వేళ్లయినయి అన్నా. స్కాలర్‌షిప్ రాకుంటే కాలేజీ బంజేసి మెస్సు పనికే పొమ్మంటడు మా నాయిన.”

“చిటికెన వేలు పెట్టు. గట్టిగ ఒత్తు.”

మిషన్ మీద పచ్చ లైటు వెలిగింది.

“పడ్డది! ఇగ ఫికర్ లేకుండ పో చెల్లె.”

ఆమె కదల్లేదు. ఆ వేలిని పిడికిట్లో దాచుకుంది.

“ఇంక రెండేండ్లు చదవాలె, ఏటేట ముద్ర పెట్టాలె అన్నా. అప్పటిదాంక ఇదన్న ఉంటదా?”