గడువు దాటిన పేరు

మధ్యాహ్నం. వంటింటి బల్ల దగ్గర, కంప్యూటర్ ముందు, భార్యను పోగొట్టుకున్న మనిషీ, ఆమె చెల్లెలూ.

“మళ్ళీ నొక్కకండి బావా. చెయ్యి తీయండి.”

“ఒక్కసారి. ఇందాక సరిగ్గా పడలేదేమో.”

“పడింది. వాళ్ళే ఆపేశారు. మరీ ఎక్కువసార్లు అడిగారు, ఇక జవాబివ్వం అని రాసుంది చూడండి. ఏ సైట్ పేరు ఎవరిదో చెప్పే చోటది. ఇలా గుక్క తిప్పుకోకుండా అడిగితే, అడిగేది మనిషి కాదు, మిషననుకుంటారు.”

“మనిషినే కదా.”

“దానికేం తెలుసు? ఎన్నిసార్లు చూశారేంటి?”

“అప్పుడప్పుడూ.”

“బావా.”

“లేచినప్పుడల్లా. పనిలో చెయ్యి ఖాళీ అయినప్పుడల్లా. మీ అక్క కథల సైట్ పేరుకి గడువైపోతోందని నోటీసులన్నీ తన మెయిల్‌కే వెళ్ళాయి. సైట్ మూతపడ్డాక గానీ నాకు తెలీలేదు. పేరు మళ్ళీ అమ్మకానికి వదిలేదాకా ఆగాలన్నారు. ఈలోగా ఎవడైనా ఎత్తుకుపోతాడేమోనని...”

“చూస్తూ కూర్చుంటే పోకుండా ఉంటుందా?”

“ఆసుపత్రిలోనూ అలాగే కూర్చున్నాను.”

“...సరే. నా ఫోన్ నెట్‌తో చూద్దాం. ఒక్కసారే అడుగుదాం. వచ్చింది రాసుకుని ఊరుకుందాం.”

“నీదీ ఆపేస్తారేమో. ఆఫీసులో ఆపేశారు. పక్కింటివాళ్ళ వైఫై అడుక్కుంటే అక్కడా అంతే. లైబ్రరీలో, బస్టాండులో, చివరికి మంగలి షాపులో కూడా.”

“ఊరు మీద పడ్డారన్నమాట.”

“ఏం చెయ్యను? పాప పడుకునే ముందు అమ్మ గొంతుతో రికార్డు చేసిన కథ పెట్టమంటుంది. నేను చెబితే చెవులు మూసుకుంటుంది.”

“కథలెక్కడికీ పోలేదు బావా. నెట్‌లో అక్క దాచిన చోటే ఉన్నాయి. పాస్‌వర్డే మనకి తెలీదు. కొత్తది కావాలంటే, కోడ్ ఆ పేరు మీదున్న మెయిల్‌కే వస్తుంది. పేరు దక్కితే ఆ మెయిల్ మళ్ళీ తెరవచ్చు, అక్క గొంతూ దక్కుతుంది.”

“దక్కుతుందంటావా?”

“ఉండండి, తెరుచుకుంది.”

“ఏమంది?”

“ఒక్క నిమిషం.”

“ఏమందమ్మా?”

“నిన్ననే ఎవరో కొనేశారు.”

“ఎవరు?”

“వాళ్ళెవరో చెప్పకుండా దాచుకున్నారు. మెయిల్ ఒకటి ఇచ్చారు. రాస్తున్నాను. చనిపోయిన మా అక్కది, చిన్నపిల్ల ఉంది అని.”

“దయచేసి అని కూడా రాయి.”

“రాశాను. ...అరె, అప్పుడే జవాబు.”

“చదువు.”

“మనం రాసింది చదివినట్టే లేదు. మిషనే పంపుంటుంది.”

“పరవాలేదు, చదువు.”

“వేలంలో పెడతారట, పాడుకోమంటున్నారు. ఈ మధ్య ఈ పేరు కోసం రకరకాల చోట్ల నుంచి ఎంతోమంది పగలూ రాత్రీ వెతుకుతున్నారట. ఆ గిరాకీ చూసే కొన్నారట. అక్క పేరుతో అంతమందికి ఏం పని బావా?”

“ఆ అంతమందీ నేనేనమ్మా.”