పొడుగు చెయ్యి

అది కాదయ్యా, అది పక్కన పెట్టు! నేను ఫ్రేము కట్టమన్నది దాని కింద ఉన్న కాగితానికి. ఆఁ, ఆ మడతలు పడ్డదానికే. పైది నీటుగా ఉందని నాకూ తెలుసు. స్కూల్లో ప్రైజు కూడా ఇచ్చారు. గోడలు నిటారుగా, మనుషులు వరసగా, చేతులు ఒంటికి ఆనించుకుని. ఏం చేసుకోను దాన్ని?

రెండూ మా మనవరాలు వేసినవే. మధ్యలో ఎనిమిది నెలలు, అంతే. ఈ మడతలది వేసేనాటికి పిల్లకి అప్పుడే ఆరేళ్లు నిండాయి.

ఇలా వెలుతురులో పట్టుకుని చూడు. భోజనాల బల్ల. పైనుంచి చూసినట్టుంది కదా? మరి కాళ్లో? నాలుగూ నాలుగు వైపులకి చాపుకుని ఉన్నాయి! ఒక్క కాలు దాచడానికి కూడా దానికి మనసొప్పలేదు. ఇదిగో, మా కోడలు. ముఖమంతా నోరే. నవ్వకు, అచ్చం అలాగే ఉంటుంది.

ఈ చివర నేను, ఆ చివర మా మనవరాలు. దానికి ఉల్లిపాయ ముక్కలు గిట్టవు. రోజూ నేనే దాని కంచంలోంచి ఏరి తీసేస్తా. అందుకని నా చెయ్యి ఇక్కడ బయల్దేరి, గిన్నెల మీదుగా, వాళ్లమ్మ ముందు నుంచి, బల్లంతా దాటి దాని కంచం దాకా వెళ్లింది. ఒక్క గీత! పెన్సిలు ఎత్తలేదు, ఎక్కడా తడబడలేదు. ముప్పయ్యారేళ్లు ఇళ్ల ప్లాన్లు వేసే ఆఫీసులో గీతలు గీసినవాణ్ణి, నాకు తెలియదా? అలాంటి గీత నా చేత్తో ఒక్కనాడూ పడలేదు.

ఏదీ, ఈ నల్లటి గీతా? అది నాది.

స్కేలు పెట్టి కొలిచి మరీ చూపించాను. మనిషి చెయ్యి ఇంత పొడుగుండదమ్మా అని, దాని గీత మీదే గట్టిగా నొక్కి, సరైన చెయ్యి వేశా. చూడు, ఎక్కడ ఆగిందో. నా కంచం దగ్గరే.

అది ఏడవలేదయ్యా. బుద్ధిగా విన్నది. ఆ రోజునుంచీ స్కేలు లేకుండా గీత గీయదు. వేసిన ప్రతిదీ పట్టుకొచ్చి, కరెక్టేనా అని అడుగుతుంది. తాత పోలిక వచ్చిందని ఇంట్లో వాళ్లు మురిసిపోతుంటే నాకు ముద్ద దిగదు.

చెరిపేస్తావా? వద్దు. రబ్బరు పెడితే నా గీతతో పాటు కింద దాని గీతా పోతుంది.

పిల్లకి నేర్పాలనే కదా చేశారంటావు. నువ్వు మంచివాడివి. నేను గీసిన ప్రతిదాన్నీ ఆఫీసులో ఎవడో ఒకడు ఎర్ర పెన్సిలుతో దిద్దేవాడు. ఇన్నాళ్లకి నా కళ్లముందు నిజమైన గీత ఒకటి పడితే, నాకు కుళ్లు పుట్టింది. ఆరేళ్ల పిల్లని చూసి కుళ్లు! అందుకే దిద్దాను. ఈ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

నిన్న పక్కన కూర్చోబెట్టుకుని బతిమాలాను. నేను చెప్పింది తప్పమ్మా, నా చెయ్యి మళ్లీ నీ కంచం దాకా వెయ్యి అన్నాను. వెళ్లి స్కేలు తెచ్చింది. నా చెయ్యి చాపమని, భుజం నుంచి వేళ్ల దాకా కొలిచింది.

"అంత దూరం అందదు తాతయ్యా," అంది.

సరేలే, కట్టు. చెక్క ఏ రంగుదైనా ఒకటే.