వెన్నులో సూది

ఆ పొద్దున ఫిజీలోని లౌటోకా ఊరి మీద చెరకు తగలబెట్టిన పొగ కమ్ముకుని, సూర్యుడు ఎర్రటి మచ్చలా ఉన్నాడు. వంటింటి బల్ల దగ్గర మునియ్య, అతని భార్య పాపమ్మ.

“సువా ఆస్పత్రికి రానని చెప్పు శోభనకి,” అన్నాడు మునియ్య.

“కారు కడుగుతోంది. నీ కూతురేగా, నువ్వే చెప్పు.”

“ఎమ్మారై అంటే పెద్ద అయస్కాంతమంట. కుర్చీని కూడా లాగేస్తదని పక్కింటి కమలేష్ అన్నాడు.”

“నువ్వు కుర్చీవా?”

“నవ్వకు.”

“నవ్వట్లే. రక్తపరీక్షలో నంబరు ఎక్కువొచ్చింది. ప్రోస్టేటులో కేన్సరుందో లేదో ఆ బొమ్మలో తెలుస్తదన్నాడు డాక్టరు.”

“యంగోనా వేరు రసం తాగేవాడెవడైనా రాత్రి ఒంటికి లేస్తాడు.”

“తాగడం మానేసి ఎన్నాళ్ళైంది? లేవడం మానలేదుగా.”

“పాపమ్మా... నా ఒంట్లో ఇనుముంది.”

“ఏ ఇనుము?”

“శోభన చంటిపిల్లప్పుడు జ్వరం తగ్గాలని గుండం తొక్కా గదా. వెన్నుకి గుచ్చిన సూదుల్లో ఒకటి విరిగింది. మొన లోపలే ఉంది. సూది విరిగితే అమ్మవారు మొక్కు తీసుకోదంటారని ఎవరికీ చెప్పలే.”

“ఒంట్లో ఇనుముందా అని ఆస్పత్రోళ్ళు అడిగినప్పుడేమన్నావు?”

“లేదన్నా.”

“అరే, ఇనుముతో ఆ మిషిన్లోకి పోతావా?”

“పోనంటున్నా గదా! విరిగినా, అది లోపలున్నంత కాలం మొక్కు నిలబడ్డట్టే. పిల్ల బతికింది. ఇప్పుడది లాగేస్తే? పిల్లకేమైనా అయితే?”

“మొన్న నీ వీపుకి ఎక్సరే తీశారు గదా.”

“నడుం నొప్పికి.”

“కాదు. నేనే అడిగి తీయించా. అందులో ఇనుం లేదు.”

“ఎట్లా లేదు? తడిమితే గట్టిగా తగుల్తది!”

“అది మచ్చ.”

“మరి మొన?”

“గుండం తొక్కొచ్చి ఒళ్ళు తెలీకుండా పడుకున్నావు. చీము పడతదని ఆ రాత్రే నేను పీకేశా. సముద్రంలో పారేశా. ముక్కేమైనా మిగిలిందేమోననే ఆ ఎక్సరే.”

“పిల్ల...”

“తెల్లారేసరికి పాలు తాగింది.”

“ఇన్నేళ్ళూ నాతో చెప్పలే?”

“నువ్వు చెప్పావా? నీ నోటితో చెప్తావనే చూశా.”

మునియ్య చెయ్యి వెనక్కి పోనిచ్చి ఆ మచ్చని తడుముకున్నాడు.

“లే. చొక్కా మార్చుకో. ఇంకేం వంకుంది?”

“లేదు.”

“మరి?”

“ఆ బొమ్మలో ఏముంటదో నాకు తెలుసు పాపమ్మా. పోయిన ఏడాది నుంచి మూత్రంలో నెత్తురు పోతోంది.”

శోభన చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చి కూర్చుంది. పాపమ్మ ముగ్గురికీ రొట్టెలు వడ్డించింది. తినడం అయ్యాక మునియ్య చెయ్యి కడుక్కుని చొక్కా మార్చుకోవడానికి లేచాడు.