ఎవరూ మర్చిపోని ప్రశ్న

టెచిమాన్ పట్టణంలో ఒక ఆసుపత్రి. పిల్లల వార్డు, మధ్యాహ్నం పన్నెండున్నర. నర్సు అకోసువా, కంప్యూటర్ల ఇన్‌చార్జి క్వాబెనా.

"సంతకం పెట్టను."

"సిస్టర్, ముందు చదవండి."

"చదివాను సార్. రెండుసార్లు చదివాను. 'నా కంప్యూటర్ రహస్యాలు నేనే బయటివాళ్లకి చెప్పాను' అని రాసుకొచ్చారు. నేను చెప్పలేదు."

"మరి దొంగలు మీ పేరుతో ఎలా వచ్చారు? పొద్దున ఏడు గంటల పన్నెండు నిమిషాలకి మీ పేరుతోనే లోపలికి దూరారు. ఎనిమిదికల్లా ఆసుపత్రిలో ప్రతి కంప్యూటరూ బిగుసుకుపోయింది. ఒక్క ఫైలు తెరుచుకోవట్లేదు."

"ఏడుంబావుకి నేను ఆరో నంబరు మంచం దగ్గరున్నాను. పిల్లకి జ్వరం చూస్తున్నాను."

"మీరే చేశారనట్లేదు. మీ దగ్గర్నుంచి బయటికి పోయిందంటున్నా. గుర్తుకోసం ఎక్కడైనా రాసిపెట్టారా?"

"లేదు."

"గోడ మీద? మందుల బీరువా తలుపు మీద?"

"లేదన్నానా!"

"మీ ఆయనకి చెప్పారా?"

"మా ఆయనకి నా ఫోన్ ఎలా తెరవాలో కూడా తెలీదు. ఇది చెబుతానా?"

"నవ్వులాట కాదు సిస్టర్. ఒంటిగంటకి పెద్దల మీటింగు. మీ ఆరో నంబరు పాప చనిపోయింది. ఎవరో ఒకరు జవాబు చెప్పాలి."

"ఆ ఎవరో ఒకరు నేనన్నమాట. ఇంజెక్షన్ ఇచ్చిన చెయ్యి నాదే. ఇప్పుడు దొంగలకి తలుపు తీసిందీ నేనే అని సంతకం పెడితే, ఇంకేం మిగిలింది? ఉద్యోగం పోతుంది. జైలుకీ పోతానేమో. పిల్లని చంపిన నర్సని ఊరంతా అంటుంది."

"డాక్టరు గారు రాసిందే మీరిచ్చారు. ఆ సంగతి నేను చెబుతాను."

"రాసినాయనకీ తెలీదు, ఇచ్చిన నాకూ తెలీదు. ఆ మందు అఫువాకి పడదని పోయినేడు ఈ వార్డులోనే కంప్యూటర్లో ఎక్కించాం. పేరు కొట్టగానే ఎర్రక్షరాలతో వస్తుంది. తెర నల్లగా ఉంటే ఏం చూడను?"

"కింద గదిలో పాత కాగితం ఫైళ్లున్నాయి కదా."

"వెతకమని మనిషిని పంపాను. అఫువా పేరుతో అరవై మూడు ఫైళ్లు సార్! శుక్రవారం పుట్టిన ప్రతి ఆడపిల్లా అఫువానే అయితే, ఏదని తీస్తారు? సగం చూసేసరికి ఇక్కడ జ్వరం పెరిగిపోయింది, ఆగలేక ఇంజెక్షనిచ్చాం, పిల్ల పెదాలు నీలంగా అయిపోయాయి."

"ఇంట్లోవాళ్లని అడగాల్సింది."

"అడిగాను. వాళ్ల అమ్మమ్మ ఒక్కతే వచ్చింది. పోయినేడు తీసుకొచ్చింది తల్లి, ముసలావిడకేం తెలుసు? ఇంకా బయట బెంచీ మీదే కూర్చునుంది. మనవరాలికని తెచ్చిన మొక్కజొన్న గంజి, క్యాను మూత కూడా తియ్యలేదు. వెళ్లండి, మీ కాగితం ఆవిడకీ చదివి వినిపించండి."

"నా మీద పడతారేంటి? ఈ ఆసుపత్రికి తాళాలేసిందే నేను. రెండేళ్లుగా మొత్తుకుంటున్నా. తెలియని ఉత్తరాలు తెరవద్దు, పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వద్దు అని. మీరంతా ఏం చేశారు? తెల్లారితే చాలు, మర్చిపోయాం సార్, మర్చిపోయాం సార్ అని నా గది ముందు వరస."

"మర్చిపోతారు మరి. ముప్పైమంది పిల్లల మందులు గుర్తుపెట్టుకోవాలి."

"అందుకేగా దారి పెట్టాను! మర్చిపోతే కంప్యూటరే ఒక ప్రశ్న అడుగుతుంది. జవాబు చెబితే కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు. ఈ చుట్టుపక్కల పదకొండు ఆసుపత్రులు నన్ను పిలిపించి మరీ పెట్టించుకున్నాయి. ఆక్సిజన్ ఫ్యాక్టరీవాళ్లు కూడా."

"నేనెప్పుడూ మర్చిపోలేదు. నన్నా ప్రశ్న ఎప్పుడూ అడగలేదు."

"అడిగింది. ఎవరెప్పుడు లోపలికొచ్చారో లెక్క రాసే మిషన్ విడిగా ఉంది, అదొక్కటే బిగుసుకుపోలేదు, దాంట్లోంచి రాసుకొచ్చాను, చూడండి. ఏడూ పన్నెండుకి మీ పేరు మీద 'మర్చిపోయాను' అని నొక్కారు. జవాబు మొదటిసారికే సరిగ్గా చెప్పారు. ఊహించేవాడైతే రెండుసార్లన్నా తప్పుతాడు. వాళ్లకి తెలుసు. మీరు చెప్పకపోతే ఎలా తెలుసు?"

"ఇంతకీ ఏం ప్రశ్న?"

"ఎవరూ మర్చిపోని ప్రశ్న. అమ్మిన విదేశీ కంపెనీ వాళ్లు చిన్నప్పటి కుక్క పేరేంటి, మీ వీధి పేరేంటి అని పెట్టారు. మనలో కుక్కని పెంచినవాళ్లెంతమంది? సగంమందికి వీధికి పేరే లేదు. అవన్నీ తీసేసి మనవాళ్లకి తగ్గట్టు నేనే రాశాను, జవాబులు మీ ఉద్యోగం కాగితాల్లోంచి నేనే నింపాను."

"అదే, ఏం ప్రశ్న సార్?"

"మీరు పుట్టింది ఏ వారం?"

"ఇంకోసారి చెప్పండి."

"మీరు పుట్టింది ఏ వారం? అంతే. చెప్పండి, ఎవరితో అన్నారీ మాట?"

"అందరితో."

"చూశారా! ఇందాకట్నుంచీ లేదు లేదని..."

"పేరు పెట్టిన రోజు నుంచీ అందరితో చెబుతూనే ఉన్నాను. నా గుండె మీద పేరు బిళ్ల చదవండి సార్."

"బిళ్లెందుకు..."

"చదవండి."

"అకోసువా."

"అంటే?"

"సిస్టర్..."

"ఆదివారం పుట్టినదాన్నని. ఇదే పేరు ఆసుపత్రివాళ్లు నా ఫొటో కింద ఇంటర్నెట్లో పెట్టారు. మూడొందలమందివీ పెట్టారు. ఇప్పుడు మీ బిళ్ల చదవండి. మీకూ ఇదే ప్రశ్నా?"

"అందరికీ అదే. నా పేరుతో... నా పేరుతో వస్తే అన్ని తలుపులూ తెరుచుకుంటాయి."

"క్వాబెనా. మంగళవారం."

"ఒక్క నిమిషం కూర్చుంటాను."

"కుర్చీ లేదు. ఆరో నంబరు మంచం ఖాళీయేగా, దాని మీద కూర్చోండి."

"మీకు తేలికవుతుందని పెట్టాను సిస్టర్. ఒట్టు. మన పిల్లలకి కూడా గుర్తుండేదని..."

"తెలుసు సార్. మరి ఈ కాగితం?"

"మీ పేరు కొట్టేయండి. నా పేరు నేను రాస్తాను. అది తర్వాత. ముందు మీ ఫోనివ్వండి, తొందరగా."

"ఎవరికి?"

"ఆక్సిజన్ ఫ్యాక్టరీకి. పదకొండు ఆసుపత్రులకీ సిలిండర్లు అక్కణ్ణించే వస్తాయి. అక్కడా అదే ప్రశ్న పెట్టాను, కంప్యూటర్ తాళాలన్నీ ఒక్కడి చేతిలో ఉంటాయి, క్వాకు అని..."

"బుధవారం."