రాణిగారి కోసం ప్రార్థన

భక్తి పుస్తకాలు తప్ప మరొకటి ముట్టని ఆ తండ్రి, కూతురి గది గుమ్మంలో నిలబడి, ఆమె ఇచ్చిన లావుపాటి నవలను జెండాలా పైకెత్తాడు.

“అయిపోయింది తల్లీ! ఆఖరి పేజీతో సహా!”

“నమ్మను. రాజులూ మాయలూ నీకు పడవుగా నాన్నా. పది పేజీలకే కునుకు తీస్తావని పందెం కాశాను.”

“నేను పూర్తిచేస్తే మళ్ళీ నా పక్కన పొద్దుటి ప్రార్థనకు కూర్చుంటానన్నావు. మాట తప్పకు.”

“ముందు పరీక్ష. శత్రువులు కోటను చుట్టుముడితే రాణి ఎలా తప్పించుకుంది?”

“రెక్కల గుర్రం మీద! దెబ్బతిన్న రెక్కతో అది ఎగురుతుందో లేదోనని నాకు అన్నం సయించలేదు. మీ అమ్మను అడుగు.”

“అమ్మ ఇంకోటి కూడా చెప్పింది. ప్రార్థనలో ఎవరో రాణిగారిని కాపాడమన్నావట. ఆవిడెవరని నన్ను నిలదీసింది.”

“అయ్యో, వినేసిందా! ఏం చేయను? పుస్తకం మూసినా ఆ పిల్ల కళ్ళముందే ఉండేది. లేని మనిషి కోసం అడగడం తప్పంటావా?”

“తప్పో కాదో తెలీదు. కానీ పుస్తకం ఎప్పుడో అచ్చయింది. నువ్వు అడిగేసరికే ఆవిడ తప్పించుకుంది.”

“నేనడుగుతానని దేవుడికి ముందే తెలిసుంటుంది. చూశావా, గెలిచాం!”

ఆమె నవ్వాపుకుంటూ అరలోంచి మరో పుస్తకం తీసింది.

“రెండో భాగం. ఇందులో రాణి చెరలో పడుతుంది.”

“అయ్యయ్యో! మరి గుర్రం?”

“గుర్రం సంగతి నేనడుగుతాలే. పొద్దున్నే నన్ను లేపు నాన్నా.”