లింబాద్రి ఎడమచెయ్యి

1996లో ఒక శుక్రవారం. బహ్రెయిన్‌లో గలాలీ దగ్గరి లేబర్ క్యాంపు క్రికెట్ టీము వరుసగా ఏడో మ్యాచ్ ఓడిపోయి వచ్చింది. మెస్సు బయట కెప్టెనూ, వికెట్ కీపరూ నిలబడ్డారు.

“లింబాద్రి ఎడమచేత్తో బువ్వ తింటుండు, సూసినవా అన్నా?”

“సూసిన. ఇరవై ఏండ్లొచ్చినా బుద్ధి లేదని అందరి ముంగట తిట్టిన గూడ.”

“ఏమన్నడు?”

“తల వంచుకొని నవ్విండు.”

“వాని కుడిచెయ్యి నోటిదాక లేస్తలేదన్నా. భుజం వాచి రాయి లెక్కయింది.”

“ఏందీ! ఎప్పటి సంది?”

“నొప్పి మొదలై రెండు నెలలాయె. చెయ్యి లేవకుండ అయింది నిన్నటి సంది. ఇటుకలు గూడ ఎడమచేత్తోనే మోస్తుండు.”

“అయ్యో! రోజూ డ్యూటీ అయినంక మన పదకొండుమంది బ్యాటింగు ప్రాక్టీసుకు వానితోనే బౌలింగు ఏయించినం గదరా!”

“పోరడు గట్లనే తయారైతడని నువ్వే అంటివి.”

“నొస్తుందని నాకొక్క మాట చెప్పొద్దా?”

“చెప్తె టీములకెల్లి తీసేస్తవని బయపడ్డడు.”

“తీసేసుడేందిరా? ఒక్క మ్యాచ్ గూడ ఆడియ్యలే. అసలు వాన్ని టీముల ఎప్పుడు తీసుకున్నం?”

“గా సంగతి వానికి తెల్వదన్నా.”